బెల్టుకి మూడు కొత్త రంధ్రాలు

ఆయన మొదట చెప్పింది పొట్ట గురించి కాదు, బెల్టు గురించి. ఏడాదిన్నరలో దానికి మూడు కొత్త రంధ్రాలు పెట్టించుకున్నారట. "వయసు మీద పడుతుంటే పొట్ట రావడం మామూలే కదా అనుకున్నానండీ," అన్నారు. తగ్గించుకోవాలని పొద్దున్నే గంటసేపు నడవడం మొదలుపెట్టారు, రాత్రి తిండి సగం చేశారు. చెంపలు లోపలికి పోయాయి, చేతులు సన్నబడ్డాయి, చొక్కా భుజాల దగ్గర వదులైంది. బరువు చూసుకుంటే మాత్రం కిలో కూడా తగ్గలేదు. తగ్గిందంతా పొట్టలోకి వెళ్లి కూర్చున్నట్టు.

ఆయన్ని ఇక్కడ మాస్టారు అంటాను. లెక్కలు చెప్పేవారు. ఎవరూ గుర్తుపట్టకుండా మిగతా వివరాలు కొన్ని మార్చాను.

నొప్పి ఉందా అంటే లేదన్నారు. వాంతులు లేవు, మూత్రంలో రక్తం లేదు, విరేచనం మామూలే. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోంది, అంతే. అసలు సంగతి ఆయన భార్య చెప్పారు: "ఎడమ పక్కే ఎత్తుగా ఉంటోంది డాక్టర్ గారూ. పడుకున్నా అది పక్కకి జారట్లేదు." నా ఇరవై ఏళ్ల సర్వీసులో విన్న మంచి పరిశీలనల్లో ఇదొకటి. కొవ్వు వల్ల వచ్చిన పొట్టయితే మనిషి వెల్లకిలా పడుకోగానే రెండు పక్కలకీ పరుచుకుంటుంది. ఇది అలాగే నిలబడి ఉంది.

బల్ల మీద పడుకోబెట్టి ఒక చెయ్యి డొక్క కింద పెట్టి, ఇంకో చెయ్యి పైనుంచి నొక్కాను. రెండు చేతుల మధ్య బరువైనదేదో ఉంది. ఊపిరి తీసుకుంటే పెద్దగా కదలట్లేదు. దాని మీదే ఒక చోట వేలితో తడితే డొల్ల చప్పుడు వచ్చింది. అంటే గడ్డ ముందు పేగు పరుచుకుని ఉంది. గడ్డ పేగుల్లో లేదు, పేగుల వెనక ఉంది. స్కాన్ రాకముందే నాకు టెన్షన్ మొదలైంది.

పేగుల వెనక ఏముంటుంది? చాలామంది పొట్టని ఒకే గదిలా ఊహించుకుంటారు. నిజానికి రెండు భాగాలు. ముందు భాగంలో పెరిటోనియం అనే పల్చటి పొర సంచిలా ఉంటుంది, చిన్నపేగు, జీర్ణాశయం, కాలేయం అందులో అమరి ఉంటాయి. ఆ సంచికి వెనక, వెన్నెముకకి, నడుం కండరాలకి ముందు ఇంకో జాగా ఉంది. కిడ్నీలు, వాటి మీద అడ్రినల్ గ్రంథులు, మూత్రాన్ని కిందికి దించే నాళాలు, క్లోమంలో చాలా భాగం, పెద్దపేగులో పైకెక్కే ముక్క, కిందికి దిగే ముక్క, గుండె నుంచి వచ్చే బృహద్ధమని, గుండెకి వెళ్లే పెద్ద సిర వీనా కేవా, కాళ్లకి పోయే నరాలు, వీటన్నిటి చుట్టూ బోలెడంత కొవ్వు. దీన్నే రెట్రోపెరిటోనియం అంటాం.

ఈ జాగాకి ముందు వైపు గట్టి గోడంటూ లేదు. అక్కడ పుట్టిన కణితి పెరిగేకొద్దీ పేగుల్ని మెల్లగా ముందుకి, పక్కకి తోస్తుంది. పేగులేమో అడ్డు చెప్పవు, ఎటు తోస్తే అటు సర్దుకుంటాయి. అందుకే చాప కింద నీరులా పాకుతుంది. మేం చూసేసరికి 15 సెంటీమీటర్లు దాటి ఉండటం మామూలు, 30 దాటినవీ ఉంటాయి. రోగిది అశ్రద్ధ అని తిట్టేవాళ్లని చూశాను. అది అన్యాయం. శరీరమే ఫిర్యాదు చెయ్యకపోతే మనిషికి ఎలా తెలుస్తుంది?

ఫిర్యాదు వచ్చినప్పుడు కూడా వంకర దారిలో వస్తుంది. ఒకావిడ ఒక కాలు వాచిందని వచ్చారు, కారణం లోపల సిర మీద ఒత్తిడి. ఒకతనికి తొడ ముందు భాగంలో తిమ్మిరి. నరాల పరీక్షలు, వెన్నెముక స్కాన్లు అన్నీ అయ్యాక, ఆ స్కాన్ అంచులో సగం కనబడి సగం తెగిపోయిన గడ్డని ఎవరో గమనించారు. ఒక నడివయసు మనిషికి కుడి వృషణం పైన సిరలు ఉబ్బాయి. సాధారణంగా వెరికోసీల్ ఎడమ పక్క వస్తుంది, పడుకుంటే తగ్గిపోతుంది. కుడి పక్క ఉన్నట్టుండి వచ్చి, పడుకున్నా తగ్గకపోతే, పైన ఏదో ఆ సిరకి అడ్డుపడుతోందని అనుమానించాలి. మూత్రనాళం నొక్కుకుపోయి ఒక కిడ్నీ చప్పుడు లేకుండా ఉబ్బిపోయిన వాళ్లూ ఉన్నారు.

అన్నిటికంటే వింతైన కేసు ఒకటి. మధుమేహం లేదు, మందులు వాడట్లేదు, కానీ తెల్లవారుజామున షుగర్ పడిపోయి స్పృహ తప్పుతున్నాడు. ఇంట్లోవాళ్లు మూర్ఛ అనుకున్నారు. తీరా చూస్తే కటి భాగం వెనక సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అనే అరుదైన జాతి కణితి, పెద్దది. ఈ రకం కణితులు కొన్ని ఇన్సులిన్‌లా పనిచేసే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. 1930లో డోగే, పాటర్ అనే ఇద్దరు వైద్యులు ఛాతీలోని కణితులతో ఇలా జరగడాన్ని విడివిడిగా రాశారు, అందుకే దీనికి వాళ్లిద్దరి పేర్లూ పెట్టారు. కణితి తీసేశాక షుగర్ మళ్లీ పడలేదు. ఇలాంటిది సర్జన్ జీవితంలో ఒకటో రెండో చూస్తాడు.

ఇది చదివి నడుం నొప్పి ఉన్నవాళ్లంతా కంగారు పడొద్దు. ఇవి అరుదైన జబ్బులు. పెద్దవాళ్లకి వచ్చే క్యాన్సర్లన్నిటిలో సార్కోమాలు, అంటే ఎముక, కండరం, కొవ్వు లాంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్లు, నూటికి ఒకటి లెక్కన ఉంటాయి. మెత్తటి కణజాలాల్లో పుట్టే సార్కోమాల్లో 10 నుంచి 15 శాతం మాత్రమే ఈ వెనక జాగాలో వస్తాయి. నడుం నొప్పికి వంద మామూలు కారణాలున్నాయి.

మాస్టారి సీటీ వచ్చింది. ఎడమ పక్క డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కింద నుంచి కటి దాకా 31 సెంటీమీటర్ల కణితి. చాలా భాగం కొవ్వు రంగులోనే ఉంది. కుడి పక్కనున్న కొవ్వుతో పోల్చి చూస్తే తప్ప అది కణితని చెప్పలేం. ఎడమ కిడ్నీ తన చోటు వదిలేసి మధ్య గీత దాటి ముందుకొచ్చేసింది. కొవ్వు మధ్యలో 9 సెంటీమీటర్ల గట్టి ముద్ద ఒకటి, కాంట్రాస్ట్ మందు ఎక్కించగానే తెల్లగా వెలిగింది.

రిపోర్టులో ఒక మాట ఉంది: "పెద్ద లైపోమా కావచ్చు." ఈ మాటంటే నాకు ఒళ్లు మంట. చర్మం కింద వచ్చే కొవ్వు గడ్డలు నూటికి తొంభై తొమ్మిది లైపోమాలే, హాని లేనివే. కానీ పెరిటోనియం వెనక ఇంత పెద్ద కొవ్వు గడ్డ కనబడితే, కాదని రుజువయ్యే దాకా అది లైపోసార్కోమాయే, అంటే కొవ్వులోంచి పుట్టిన క్యాన్సరే అనుకోవాలి. కిడ్నీలోంచి పుట్టే యాంజియోమయోలైపోమా, అడ్రినల్‌లోంచి పుట్టే మైలోలైపోమా కూడా కొవ్వుతోనే ఉంటాయి. అవి హాని లేని జాతి. మంచి రేడియాలజిస్ట్ గడ్డ ఎక్కడినుంచి మొలిచిందో చూసి వాటిని విడదీసి చెప్పగలడు. మిగతావాటిలో మైక్రోస్కోపు కింద కూడా మామూలు కొవ్వులాగే కనబడేవి ఉంటాయి. అప్పుడు పాథాలజిస్ట్ ఎండీఎం2 అనే జన్యువు లెక్క చూస్తారు. పన్నెండో క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువు మామూలు కణంలో రెండు కాపీలుంటే, లైపోసార్కోమా కణాల్లో గుంపులు గుంపులుగా ఉంటుంది. అది కనబడితే వాదన ముగిసినట్టే.

గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేస్తుంటే కొవ్వు ముద్ద కనబడి, దాన్ని కోసేసి, ఏదో లైపోమాలే అని పారేసిన సందర్భాలున్నాయి. అది పైనుంచి జారి వచ్చిన లైపోసార్కోమా తోక అని తర్వాతెప్పుడో తెలుస్తుంది. అలా తోక తెగిన కణితితో మా దగ్గరికి ముగ్గురు వచ్చారు.

స్కాన్ చూడగానే ఆపరేషన్ తేదీ అడిగారు మాస్టారి కొడుకు. ఆగమన్నాను. ఈ జాగాలో వచ్చే గడ్డలన్నీ కత్తి కోసం పుట్టినవి కావు. లింఫోమా, అంటే లింఫు కణాల క్యాన్సర్, ఎంత పెద్దగా కనబడినా మందులకి కరుగుతుంది, కొయ్యడం తప్పు. కుర్రవాడికి మధ్య గీత దగ్గర గడ్డ ఉంటే ముందు వృషణాలు పరీక్షించాలి, రక్తంలో కణితి ఆనవాళ్లయిన ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ చూడాలి. వీర్యకణాల మూలకణాల్లోంచి పుట్టే జెర్మ్ సెల్ కణితి అయితే దానికీ ముందు మందులే. నరం పొరలోంచి పుట్టే ష్వానోమా చాలాసార్లు ఏమీ చెయ్యదు, ఏడాదికోసారి స్కాన్ చూసుకుంటూ వదిలెయ్యొచ్చు. బీపీ ఉన్నట్టుండి ఎగబాకడం, చెమటలు, గుండె దడ ఉంటే పారాగాంగ్లియోమా అయి ఉండొచ్చు. అది అడ్రినలిన్ జాతి హార్మోన్లు నింపుకున్న సంచి. తెలియక సూది పొడిస్తే బీపీ ఆకాశానికి పోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అనుమానం ఉంటే ముందు ఆ హార్మోన్ల ఆనవాళ్లు చూసే మెటానెఫ్రిన్ పరీక్ష, తర్వాతే సూది. ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చినా, వారం పది రోజుల ముందు నుంచే బీపీని అదుపు చేసే మందులు మొదలుపెట్టి గాని థియేటర్లోకి తీసుకెళ్లం.

"సూది పొడిస్తే క్యాన్సర్ పాకిపోతుందంటారు కదండీ?" మాస్టారి భార్య అడిగారు. ప్రతి ఇంటివాళ్లూ అడిగేదే. ఆ భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. కానీ వెనక వైపు నుంచి, పెరిటోనియం సంచిని ముట్టకుండా, ఒక గొట్టం నిలిపి దాని లోపల నుంచే సూదిని నాలుగైదుసార్లు దించి ముక్కలు తీస్తే, ఆ దారిలో కణాలు నాటుకునే ప్రమాదం చాలా చాలా తక్కువ. అసలు ప్రమాదం ముక్క కోసమని ముందు నుంచి పొట్ట తెరవడంలో ఉంది, లేదా లాపరోస్కోపు పెట్టి గడ్డని గిల్లడంలో. అప్పుడు కణితి కణాలు సంచి మొత్తం చెల్లాచెదురవుతాయి. సన్న సూదితో కణాలు లాగే పరీక్ష కూడా ఇక్కడ పనికిరాదు. కణాలు నాలుగు దొరికితే చాలదు, ముక్క కావాలి.

ఆ ముక్క ఎక్కడినుంచి తియ్యాలన్నది ఇంకా ముఖ్యం. మాస్టారి గడ్డలో సులభంగా అందేది కొవ్వు భాగం. అక్కడ పొడిచి ఉంటే 'బాగా పరిణతి చెందిన లైపోసార్కోమా, నెమ్మదైన రకం' అని వచ్చేది, అందరం కొంచెం ఊపిరి పీల్చుకునేవాళ్లం. ఆ ఊపిరి అబద్ధం. రేడియాలజిస్ట్‌తో కూర్చుని, లోపల వెలుగుతున్న గట్టి ముద్దలోకే సూది పంపమన్నాను. డీడిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా అని వచ్చింది, గ్రేడ్ 2. అంటే నెమ్మదైన రకం లోపలే మొరటు రకం మొలిచింది.

ఇక్కడ నా పాత తప్పొకటి చెప్పాలి. చెప్పకపోతే మాస్టారికి నేనేం చేశానో, ఎందుకు చేశానో అర్థం కాదు.

సర్జన్‌గా నా మూడో ఏడు. 20 సెంటీమీటర్ల గడ్డతో ఒకావిడ వచ్చారు. పొట్ట తెరిచాను. గడ్డ మీద మెరిసే పొర, చుట్టూ ఎక్కడా అతుక్కోలేదు. వేళ్లు పెట్టి పొర వెంట విడదీసుకుంటూ పోతే ఒలిచినట్టు బయటికొచ్చేసింది. రెండు గంటలు కూడా పట్టలేదు. రక్తం ఎక్కించాల్సిన పనే పడలేదు. కిడ్నీకి గీత పడలేదు, పేగు చెక్కుచెదరలేదు. బయటికొచ్చి ఇంటివాళ్లతో "మొత్తం తీసేశాం" అన్నాను. నా జీవితంలో అంత నిశ్చింతగా చెప్పిన మాట ఇంకోటి లేదు.

పాథాలజీ రిపోర్టు చేతికిచ్చిన డాక్టర్ నా కంటే ఇరవై ఏళ్లు పెద్దవారు. స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నారు. "నువ్వు పట్టుకుని ఒలిచిన పొర ఉందే, అది పొర కాదు. కణితి పెరుగుతూ పక్క కణజాలాన్ని నొక్కేస్తే అలా తయారవుతుంది. అందులోనూ కణితి కణాలే ఉన్నాయి, దాని బయట కూడా ఉన్నాయి." చూశాను. నిజమే. ఆ 'నున్నటి దారి' కణితి గుండా నడిచిన దారి.

రెండేళ్లు తిరక్కముందే ఆవిడ మళ్లీ వచ్చారు. ఈసారి ఒక గడ్డ కాదు, ఐదు. ఒకటి కిడ్నీకి, ఒకటి పెద్దపేగుకి, ఒకటి వెన్నెముక పక్కనుంచి తొడలోకి దిగే సోయాస్ కండరానికి అతుక్కుని. మొదటిసారి నేను 'కాపాడిన' కిడ్నీ, పేగు రెండూ రెండోసారి తియ్యాల్సి వచ్చింది. తొమ్మిది గంటలు పట్టింది. మూడోసారి వచ్చినప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. ఆవిడకి నా మీద కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉండేది.

నేనొక్కణ్ణే కాదు, ఆ రోజుల్లో చాలామంది అలాగే చేసేవాళ్లు. 2009లో పారిస్ నుంచి సిల్వీ బాన్‌వలో, మిలాన్ నుంచి అలెస్సాండ్రో గ్రోంకీ బృందాలు ఒకే పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేశాయి. వాటి సారం: కణితిని ఆనుకుని ఉన్న కిడ్నీ, పెద్దపేగు, కండరం పైపొర పైకి బాగున్నట్టే కనబడినా, వాటిని కణితితో పాటు ఒకే ముక్కగా తీసేస్తే, అదే చోట మళ్లీ రావడం తగ్గుతోంది. పెద్ద దుమారమే లేచింది. బాగున్న అవయవాలు తియ్యడం ఏమిటి, ఇవి పాత రికార్డులు చూసి రాసిన లెక్కలే గాని చీటీ వేసి రెండు గుంపులు చేసి పోల్చిన పరీక్షలు కావు గదా, అని. ఆ విమర్శలో బలం ఉంది. ఇప్పటికీ అలాంటి పోలిక జరగలేదు, జరగడమూ కష్టం. అయినా నేను మారాను. ఐదు గడ్డలతో తిరిగొచ్చిన ఆవిడే నాకు సాక్ష్యం.

మరీ మూఢంగా కాదు. లైపోసార్కోమా అంచు ఎక్కడుందో చేతికీ కంటికీ తెలియదు కాబట్టి వెడల్పుగా తియ్యాలి. సిర గోడలోంచి పుట్టే లియోమయోసార్కోమాకి అంచు స్పష్టంగానే ఉంటుంది. అక్కడ పక్క అవయవాలన్నీ తియ్యడం దండగ, సిర మాత్రం తియ్యాలి, వీనా కేవా అయితే కృత్రిమ గొట్టం వెయ్యాల్సి రావచ్చు. అది తిరిగొచ్చేది కూడా అదే చోట కంటే ఊపిరితిత్తుల్లో, కాలేయంలో ఎక్కువ. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌కి ఇంకా పొదుపుగా కొయ్యొచ్చు. ఏ జాతో తెలియకుండా ఎంత కొయ్యాలో తెలియదు. బయాప్సీ కోసం పట్టుబట్టేది అందుకే.

మాస్టారితో అసలు వాదన కిడ్నీ దగ్గర వచ్చింది.

"కిడ్నీలో జబ్బు ఉందా?"

"లేదండీ."

"పనిచేస్తోందా?"

"బాగానే పనిచేస్తోంది."

"మరి ఎందుకు తీస్తారు?"

కాగితం మీద బొమ్మ గీశాను. కిడ్నీ చుట్టూ సహజంగానే కొవ్వు ఉంటుంది. కణితి ఆ కొవ్వులోనే పుట్టింది. ఏది మామూలు కొవ్వో, ఏది కణితో ఆపరేషన్ బల్ల మీద నాకు తెలియదు. కిడ్నీని ఉంచాలంటే దాని చుట్టూ కొవ్వుని చెక్కుతూ పోవాలి, అంటే కణితి మధ్యలోంచే కొయ్యాలి. ఆయన కాసేపు బొమ్మ చూసి, "అయితే మీకు తెలియని రాశి ఒకటుంది. దాన్ని సున్నా అనుకుని సాధిస్తే లెక్క తప్పుతుంది," అన్నారు. నేను ఇన్నేళ్లలో ఇంత బాగా చెప్పలేకపోయాను.

రెండు కిడ్నీల పని విడివిడిగా కొలిచే స్కాన్ చేయించాం. రెండూ కలిసి చేసే పనిలో 54 శాతం కుడిదే చేస్తోంది, మొత్తం పనితీరూ బాగుంది. ఒక్క కిడ్నీతో నడుస్తుంది. ప్లీహం కూడా తియ్యాల్సి రావచ్చు కాబట్టి రెండు వారాల ముందే న్యుమోకాకస్ లాంటి సూక్ష్మజీవులకి టీకాలు వేయించాం. ప్లీహం లేని మనిషికి వాటితో ముప్పు ఎక్కువ.

రేడియేషన్ సంగతీ మాట్లాడుకున్నాం. ఆపరేషన్‌కి ముందు రేడియేషన్ ఇస్తే లాభమా అని 266 మంది మీద స్ట్రాస్ అనే పరీక్ష జరిగింది, సగం మందికి 28 విడతల్లో 50.4 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చారు. 2020లో ఫలితాలొచ్చాయి: మొత్తం మీద పొట్టలో తిరగబెట్టడం తగ్గలేదు. నెమ్మదైన లైపోసార్కోమాల్లో కొంత లాభం ఉండొచ్చన్న చర్చ ఇంకా నడుస్తోంది. ఆపరేషన్ తర్వాత ఇవ్వడం మాత్రం నాకు ఇష్టం లేదు. గడ్డ తీసేశాక ఆ ఖాళీలోకి పేగులు దిగుతాయి, కిరణాలన్నీ వాటి మీదే పడతాయి. మాస్టారికి రేడియేషన్ వద్దనుకున్నాం.

ఆపరేషన్ రోజు. ఛాతీ ఎముక కింద నుంచి కటి ఎముక దాకా ఒకటే కోత. పొట్ట తెరవగానే గడ్డ కనబడదు. పరుచుకున్న పెద్దపేగు, దాని వెనక పసుప్పచ్చటి కొండ. ఇలాంటి ఆపరేషన్లలో కష్టమంతా గడ్డని ముట్టుకోకుండా ఉండటంలోనే. చెయ్యి దానంతటదే గడ్డ మీదికి పోతుంది. మా సార్ ఒకప్పుడు నా వేళ్ల మీద కొట్టి, "అది అక్కడ లేదనుకో, చుట్టూ ఉన్నదాని మీద పనిచెయ్" అనేవారు. ఇప్పుడు నేను జూనియర్లకి అదే చెబుతున్నాను, కొట్టకుండా.

పెద్దపేగుని పైనా కిందా కత్తిరించి గడ్డతోనే వదిలేశాం. మధ్య గీత వైపు నుంచి వెళ్లి బృహద్ధమనిని చూసుకుంటూ ఎడమ కిడ్నీ ధమనిని, తర్వాత సిరని కట్టాం. పైన ప్లీహానికీ గడ్డకీ మధ్య సందు లేదు, ప్లీహం, క్లోమం తోక దాంతోనే పోయాయి. ఎడమ అడ్రినల్ కూడా. వెనక సోయాస్ కండరం పైపొర ఒలిచాం. ఆ కండరం లోపల నుంచి ఫీమోరల్ నరం పోతుంది. అది తెగితే మోకాలు నిలవదు, మెట్లెక్కలేరు. గడ్డ దాన్ని చుట్టుకుని ఉంటే తప్ప ఆ నరాన్ని కొయ్యం. అక్కడ గంటంబావు పట్టింది. తొడ చర్మానికి పోయే సన్న నరం ఒకటి పోయింది, దాన్ని కాపాడలేకపోయాం.

చివర్లో వెన్నెముక పక్కనుంచి వచ్చే చిన్న సిరలు. భయపెట్టేవి పెద్ద నాళాలు కావు, ఇవే. పెద్ద నాళం కళ్ల ముందుంటుంది, పట్టుకోవచ్చు. ఇవి తెగితే వెనక్కి ముడుచుకుపోయి ఎముక సందులో దాక్కుంటాయి. ఒకటి అలాగే జారింది. గుడ్డ కుక్కి నొక్కి పట్టి, గోడ గడియారం వంక చూస్తూ ఐదు నిమిషాలు నిలబడ్డాను. అనస్థీషియా డాక్టర్ ఏమీ అనలేదు, రెండో బ్యాగు రక్తం తగిలించారు. ఆ మౌనం ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను.

కోత మొదలుపెట్టిన ఏడు గంటల నలభై నిమిషాలకి గడ్డ బయటికి వచ్చింది, ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. 7 కిలోల 200 గ్రాములు. బల్ల మీద మాస్టారి పొట్ట ఒక్కసారిగా లోపలికి పోయి, ఆయన ఇంకెవరోలా కనిపించారు.

గడ్డని డబ్బాలో పడేసి పంపించడం నాకు నచ్చదు. ఒంట్లోంచి బయటికొచ్చాక ఏది పైనో ఏది వెనకో ఎవరికీ తెలియదు. పైన ఒక దారం, సోయాస్ వైపు రెండు దారాలు, బృహద్ధమని వైపు మూడు కట్టి, దాంతో పాటు నేనే పాథాలజీకి వెళ్లాను. ఇంత పెద్ద గడ్డ ఉపరితలం అంతా మైక్రోస్కోపు కింద చూడటం ఎవరివల్లా కాదు. అందుకే ఇక్కడ 'అంచు శుభ్రంగా ఉంది' అనే మాటకి మిగతా క్యాన్సర్లలో ఉన్నంత అర్థం లేదు. మేం లక్ష్యంగా పెట్టుకునేది కంటికి కనబడేదేదీ మిగలకుండా, ముక్కలు కాకుండా, ఒకే ముద్దగా తియ్యడం. సగం కోసి సగం వదిలేస్తే, బాధ తాత్కాలికంగా తగ్గించడానికి తప్ప, ఆయుష్షుకి పెద్దగా కలిసొచ్చేది ఉండదు.

తర్వాతి పదిహేను రోజులు సాఫీగా ఏం నడవలేదు. పేగులు కదలడానికి ఆరు రోజులు పట్టింది. క్లోమం కోసిన చోట నుంచి రసం కారింది, ట్యూబు మూడు వారాలు ఉంచాల్సి వచ్చింది. ఎడమ తొడ ముందు భాగం మొద్దుబారిపోయింది, ఇప్పటికీ అంతే. "చొక్కా జేబులో చెయ్యి పెట్టుకున్నట్టు ఉంటోందండీ, నాది కాని తొడ మీద," అన్నారు. ఆ పోలిక నాకు పూర్తిగా అర్థం కాలేదు గాని రాసుకున్నాను.

మొదటి మూడేళ్లు మూడు నాలుగు నెలలకోసారి స్కాన్, ఆ తర్వాత ఆరు నెలలకోసారి, ఐదేళ్లు దాటాక ఏడాదికోసారి అని చెప్పి పంపాను. ఎప్పటిదాకా అని అడిగారు. ఎప్పటికీ అన్నాను. చాలా క్యాన్సర్లలో ఐదేళ్లు దాటితే గట్టెక్కినట్టు లెక్క. లైపోసార్కోమాకి ఆ లెక్క చెల్లదు, పదేళ్ల తర్వాత కూడా తిరిగి రావడం చూశాం.

పోయిన నెల ఆయన ఏడో స్కాన్. ముఖం నిండింది, చేతులకి కండ పట్టింది, బెల్టు కొత్తది. స్కాన్‌లో ఎడమ డయాఫ్రం కింద ఒకటిన్నర సెంటీమీటర్ల మచ్చ ఉంది, కొవ్వు రంగులో. నాలుగు నెలల కిందటి దాంట్లో వెతికితే అక్కడే చిన్న చుక్క ఉంది, అప్పుడు మేం పట్టించుకోలేదు.

"తీసేస్తారా?" అన్నారు.

"ఇప్పుడే వద్దండీ. ఎంత వేగంగా పెరుగుతోందో, దాని పక్కన ఇంకేమైనా మొలుస్తున్నాయో చూడాలి. రేపే కోస్తే ఎల్లుండి ఇంకోటి కనబడొచ్చు. మూడు నెలలు చూద్దాం."

"నాలుగు నెలల్లో వ్యాసం ఎంత పెరిగింది?"

"సుమారు నాలుగు మిల్లీమీటర్లు."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, స్కాన్ కవరు వెనక ఏదో లెక్క వేసుకున్నారు. ఆయన భుజం మీదుగా భార్య తొంగి చూశారు. ఇద్దరూ ఏమీ అనలేదు. మూడు నెలల తర్వాతి తేదీ చీటీ మీద రాసి ఇచ్చాను. దాన్ని మడిచి కవరులోనే పెట్టుకుని లేచారు.